కొండల్ని చదివిన కంప్యూటర్: రక్త పరీక్షల్లో చిన్న యంత్రం చేసిన పెద్ద పని

1960ల మొదట్లో అమెరికాలోని పెద్ద ఆసుపత్రి ల్యాబుల్లో ఒక దృశ్యం మామూలుగా కనిపించేది. బల్ల మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో రంగునీళ్ళు, మధ్యమధ్య గాలి బుడగలతో, మెల్లగా కదులుతుంటాయి. చివర ఒక పెన్ను, చుట్టలోంచి జారుతున్న గళ్ళ కాగితం మీద పైకీ కిందికీ కొండల్లాంటి గీత గీస్తుంటుంది. ఒక్కో కొండ ఒక్కో రోగి. కొండ ఎంత ఎత్తుంటే ఆ రోగి రక్తంలో గ్లూకోజో యూరియానో అంత ఎక్కువ. సాయంత్రానికి ఆ కాగితం మీటర్లకొద్దీ పోగయ్యేది. అప్పుడు టెక్నీషియన్ కూర్చుని ఒక్కో కొండ ఎత్తు చూసి, విలువ ముందే తెలిసిన స్టాండర్డ్ ద్రావణాలతో వేసుకున్న గ్రాఫుతో పోల్చి, వచ్చిన అంకెను రిజిస్టర్‌లో రాసి, అదే అంకెను మళ్ళీ రిపోర్టు కాగితం మీదికి ఎక్కించేవారు.

రక్తంలో ఏముందో కనిపెట్టే పని అప్పటికే యంత్రం చేతికి వచ్చేసింది. కనిపెట్టినదాన్ని చదివి, లెక్క కట్టి, అది ఎవరిదో చూసి రాసే పని మాత్రం మనిషి మీదే ఉండిపోయింది. అలసిన కళ్ళతో 1.2ని 12 అని రాసినా, 31వ కొండను 32వ రోగి పేరు మీద రాసినా ఆపేవాళ్ళు లేరు. చిన్న కంప్యూటర్ ల్యాబ్‌లో అడుగుపెట్టింది సరిగ్గా ఇక్కడే. రక్త పరీక్షల ఆటోమేషన్ అనగానే అందరూ వేగం గురించి మాట్లాడతారు. ఆ చరిత్రను దగ్గరికెళ్ళి చూస్తే మాత్రం, వేగం చాలావరకు గొట్టాల వల్లా పంపుల వల్లా వచ్చిందని తెలుస్తుంది. కంప్యూటర్ తెచ్చింది కాపలా.

బుడగల వరస

అంతకు ముందు ఒక్క గ్లూకోజ్ పరీక్ష చెయ్యాలంటే రక్తంలోంచి ప్రొటీన్లు తీసెయ్యాలి, వడకట్టాలి, రీజెంట్ (చర్య జరిపే రసాయనం) కొలిచి పొయ్యాలి, వేడి నీళ్ళలో పెట్టాలి, చల్లార్చాలి, చివరికి రంగు చూడాలి. ఒక్కో ట్యూబుకీ ఇదంతా మొదటి నుంచి చెయ్యాల్సిందే. క్లీవ్‌లాండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన లెనార్డ్ స్కెగ్స్ 1950ల మొదట్లో ఈ పద్ధతినే తిరగేశారు. ట్యూబు దగ్గరికి రసాయనాల్ని తీసుకెళ్ళే బదులు, శాంపిళ్ళన్నిటినీ ఒకే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పంపించి, రసాయనాల్ని దారిలో కలపొచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. అలా పంపితే ముందు రోగి సీరం (కణాలు తీసేసిన రక్తపు ద్రవం) వెనక రోగి సీరంతో కలిసిపోతుంది. అది కలవకుండా మధ్యలో గాలి బుడగలు వదిలారు. ఒక్కో బుడగ గొట్టం గోడను తుడుచుకుంటూ పోతుంది, ముందుదాన్నీ వెనకదాన్నీ విడదీస్తుంది. ప్రొటీన్లు తియ్యడానికి ఒక పల్చటి పొర, వేడి చెయ్యడానికి నూనె తొట్టి, రంగు చూడటానికి కలరీమీటర్, గీత గియ్యడానికి పెన్ను. టెక్నికాన్ అనే సంస్థ 1957లో దీన్ని ఆటో అనలైజర్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఇప్పటికీ ల్యాబుల్లో ఏ కంపెనీ యంత్రాన్నైనా 'ఆటో అనలైజర్' అనేస్తున్నామంటే ఆ పేరు అక్కడి నుంచి వచ్చిందే.

ఈ యంత్రంలో ఇంకో తెలివి ఉంది. మామూలుగా రసాయన చర్య పూర్తయ్యేదాకా ఆగి రంగు చూడాలి. ఇక్కడ ఆగక్కర్లేదు. స్టాండర్డ్ ద్రావణమూ రోగి సీరమూ అదే గొట్టంలో, అదే వేడిలో, అంతే సేపు ప్రయాణం చేస్తాయి కాబట్టి చర్య సగంలో ఉన్నా రెండింటికీ అదే సగం. పోల్చడానికి అది చాలు.

తెలుగువాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద యంత్రాలు ఒక్క శాంపిల్‌తో 12 పరీక్షలు చేసేవి. వాటిలో రక్తంలోని ఫాస్ఫరస్ ఒకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతే దానికి ఆధారం. ఫాస్ఫేట్‌ను మాలిబ్డేట్‌తో కలిపి, దాన్ని నీలంగా మార్చి, ఆ నీలం ఎంత ముదురుగా ఉందో కొలవడం అందులోని కిటుకు. సుబ్బారావు 1948లో చనిపోయారు. ఆయన చేత్తో చేసిన నీలం రంగు, ఆయన పోయాక ఎన్నో ఏళ్ళపాటు ఎన్నో దేశాల ల్యాబుల్లో బుడగల మధ్య దానంతటదే తయారవుతూ వచ్చింది.

ఆ 12 పరీక్షల యంత్రం పేరు ఎస్ఎంఏ 12/60. గంటకు 60 శాంపిళ్ళు, ఒక్కోదానికి 12 పరీక్షలు. అంటే గంటకు 720 ఫలితాలు. ఎనిమిది గంటలు ఆపకుండా నడిపితే 5,760. పన్నెండు అంకెల్నీ ఒకే కాగితం మీద, నార్మల్ హద్దులు కూడా అచ్చు వేసి ఉన్న చార్టులో గీసి ఇచ్చేది కాబట్టి చదవడం కొంత తేలికైంది. కానీ ఆ చార్టు మీద పేరు ఎవరు రాస్తారు? రిజిస్టర్‌లో ఎవరు ఎక్కిస్తారు? నిన్నటి ఫలితంతో ఎవరు పోలుస్తారు? యంత్రం పరుగెత్తేకొద్దీ దాని వెనక రాసే చేతుల మీద బరువు పెరిగింది. ఒక పని వేగంగా సాగితే దాని పక్క పని ఇరుకున పడుతుంది. మిల్లు పెద్దదైతే వడ్లు ఆరబోసే కళ్ళం చాలదు.

సొంత కంప్యూటర్

అప్పటికే పెద్ద ఆసుపత్రుల్లో కంప్యూటర్లు ఉన్నాయి. అవి ఎక్కువగా బిల్లుల కోసం, జీతాల లెక్కల కోసం. పని కావాలంటే కార్డుల కట్ట పట్టుకెళ్ళి ఇచ్చి, వంతు వచ్చేదాకా ఆగాలి. గొట్టంలో సీరం ఆగదు. ఆ క్షణంలో వచ్చిన రంగును ఆ క్షణంలోనే చదవాలి. అంటే ల్యాబ్‌కి కావాల్సింది ల్యాబ్‌లోనే ఉండే, రోజంతా ఆ ఒక్క పనిలోనే ఉండే యంత్రం.

అలాంటి యంత్రాన్ని మొదట ఊహించినవారిలో వెస్లీ క్లార్క్ ఒకరు. మసాచుసెట్స్‌లోని లింకన్ ల్యాబొరేటరీలో ఆయన, చార్లెస్ మోల్నార్ కలిసి 1962లో లింక్ అనే చిన్న కంప్యూటర్ తయారుచేశారు. పరిశోధకుడి గదిలో పెట్టుకోగలిగేంత పరిమాణం, తెర, చిన్న టేపులు, బయటి పరికరాల నుంచి వచ్చే విద్యుత్ సంకేతాల్ని నేరుగా తీసుకునే ఏర్పాటు. 1963 వేసవిలో జీవశాస్త్రవేత్తల్ని పిలిచి, ఎవరి లింక్‌ని వాళ్ళే బిగించుకునేలా శిక్షణ ఇచ్చారు. కంప్యూటర్ అంటే గాజు గది వెనక వేరెవరో నడిపేది అనుకునే రోజుల్లో, దాన్ని వాడేవాడి చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టడం మామూలు సంగతి కాదు. దీనికి సాఫ్ట్‌వేర్ రాసినవారిలో ముఖ్యులైన మేరీ అలెన్ విల్క్స్ 1965లో లింక్‌ని బాల్టిమోర్‌లోని తమ ఇంట్లో పెట్టుకునే పని చేశారు. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకున్న తొలి మనుషుల్లో ఆవిడ ఒకరు.

అదే 1965లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ పీడీపీ-8 అనే చిన్న కంప్యూటర్‌ని 18,000 డాలర్లకు తెచ్చింది. ఆ రోజుల కంప్యూటర్ల ధరలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఆసుపత్రి పెద్దల్ని ఒప్పిస్తే ఒక ల్యాబ్ తన కోసం కొనుక్కోగల ధర. మెమొరీ 4,096 పదాలు, ఒక్కో పదం 12 బిట్లు. ఇప్పటి లెక్కలో 6 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అందులో పట్టదు. కానీ ఆ యంత్రం సెకనుకు లక్షల సార్లు కూడిక చెయ్యగలదు. 12 పరీక్షల గొట్టాలను సెకనుకు ఒకసారి చొప్పున చూడమంటే దానికి పనే కాదు. ఎక్కువ సేపు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ సమయంలో ఏం చేయించాలన్నదే తర్వాతి పదేళ్ళ కథ.

కొండను చదవడం

కొండ శిఖరం చదవడం మనిషి కంటికి తేలిక. 6 కిలోబైట్ల యంత్రానికి తేలిక కాదు. గీత పైకి పోతోందా, దిగుతోందా అన్నది ఒక అంకె చూస్తే తెలియదు. వెనకటి కొన్ని అంకెలు గుర్తు పెట్టుకోవాలి. మధ్యలో బుడగ ఒకటి కలరీమీటర్‌లో చిక్కుకుంటే సూదిలాంటి దొంగ శిఖరం వస్తుంది. దాన్ని శిఖరం అనుకోకూడదు. రెండు కొండలు ఆనుకుని వస్తే మధ్య లోయ సరిగా పడదు. శాంపిల్ కప్పులు తిరిగే పళ్ళెం ఎప్పుడు ముందుకు జరిగిందో, అక్కడి నుంచి రంగు కలరీమీటర్‌ని చేరడానికి ఎంత సేపు పడుతుందో తెలిస్తే, శిఖరం ఎప్పుడు రావాలో ముందే తెలుస్తుంది. రావలసిన సమయానికి కాకుండా వేరే సమయంలో వచ్చిన శిఖరం మీద అనుమాన గుర్తు పెట్టాలి. అలసిన మనిషి కూడా కొండను చదవగలడు గానీ, ప్రతి కొండా వేళకి వచ్చిందా అని రోజంతా గడియారం చూసుకుంటూ కూర్చోలేడు.

దాని తర్వాత లెక్క. రంగు గాఢత రెట్టింపైతే దాన్ని దాటి వచ్చే వెలుతురు సగం అయిపోదు. మొదట సగం వెలుతురు దాటిందనుకుంటే, రెట్టింపు గాఢతకు పావు వంతే దాటుతుంది. అందుకే లాగరిథం లెక్క కావాలి. దానికి తోడు యంత్రం రోజంతా ఒకేలా ఉండదు. దీపం వెలుగు తగ్గుతుంది, పంపు గొట్టాలు సాగుతాయి, రీజెంట్ పాతబడుతుంది. గంట మొదట్లో 200 మిల్లీగ్రాముల గ్లూకోజ్ స్టాండర్డ్ 80 గళ్ళ ఎత్తు చూపించి, గంట చివర అదే స్టాండర్డ్ 76 గళ్ళే చూపించిందనుకుందాం. ఆ గంట మధ్యలో వచ్చిన రోగికి నిజంగా 126 ఉంటే, పాత గ్రాఫు ప్రకారం దాదాపు 123 అని వస్తుంది. ఇప్పటి లెక్కలో పరగడుపున 126 అంటే షుగర్ వ్యాధి గీత. గీతకి అటో ఇటో తేల్చేది ఆ మూడు అంకెలే. చేత్తో ఈ సవరణ చెయ్యాలంటే ప్రతి రోగికీ ఒక్కో భాగహారం. కంప్యూటర్ మధ్యమధ్య వచ్చే స్టాండర్డ్‌లను చూసుకుంటూ ఈ జారుడును ఎప్పటికప్పుడు సరిచేసుకుపోతుంది. రోగికి ఈ సంగతేదీ తెలియదు. తన అంకె సరిగ్గా వచ్చిందంతే.

రక్తకణాల లెక్కలోనూ ఇలాంటిదే జరిగింది. సూక్ష్మదర్శిని కింద గళ్ళ గాజు పలక మీద కణాల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టే పద్ధతికి వాలేస్ కౌల్టర్ పరిష్కారం కనిపెట్టి 1953లో పేటెంట్ పొందారు. కణాల్ని ఉప్పునీటిలో కలిపి సన్నటి రంధ్రం గుండా లాగితే, ఒక్కో కణం దాటినప్పుడు విద్యుత్ నిరోధం ఒక్కసారి పెరుగుతుంది. ఎన్ని తుళ్ళింతలైతే అన్ని కణాలు. తుళ్ళింత ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. రెండు కణాలు జంటగా దూరితే ఒకటే అనిపిస్తుంది కాబట్టి ఆ పొరపాటుకి సవరణ లెక్క వెయ్యాలి. 1968లో వచ్చిన కౌల్టర్ మోడల్ ఎస్ తెల్లకణాలు, ఎర్రకణాలు, హిమోగ్లోబిన్‌తో మొదలుపెట్టి మొత్తం ఏడు అంకెలు తనంతట తానే తేల్చేది. సీబీపీ అని రోజూ వింటున్న పరీక్షకు ఈ రూపం అక్కడే వచ్చింది.

వీటన్నిటిలో కంప్యూటర్ అవసరం బాగా కొట్టొచ్చినట్టు కనిపించేది మాత్రం ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో నార్మన్ ఆండర్సన్ 1960ల చివర్లో చేసిన జెమ్సాక్ యంత్రంలో. గుండ్రటి రోటర్ (తిరిగే పళ్ళెం) అంచున 15 చిన్న కువెట్లు, అంటే వెలుతురు దాటే చిన్న గిన్నెలు. లోపల సీరం ఒక గుంటలో, రీజెంట్ ఇంకో గుంటలో. రోటర్ తిరగగానే రెండూ అపకేంద్ర బలంతో బయటికి దూసుకెళ్ళి కువెట్‌లో కలుస్తాయి. పదిహేనింటిలోనూ చర్య ఒకే క్షణంలో మొదలవుతుంది. కింద దీపం, పైన వెలుతురును పట్టే పరికరం. ఒక్కో కువెట్ దాటినప్పుడల్లా ఒక అంకె. రోటర్ నిమిషానికి 600 సార్లు తిరిగితే సెకనుకు 150 అంకెలు వస్తాయి. ఎంత నేర్పున్న టెక్నీషియనైనా వాటిని రాసుకోలేరు. పెన్నూ గీయలేదు. దానికి పీడీపీ-8/ఐ కంప్యూటర్‌ని తగిలించారు. ఎస్‌జీఓటీ లాంటి ఎంజైముల్ని కొలవాలంటే రంగు ఎంత అన్నది కాదు, రంగు ఎంత వేగంగా మారుతోంది అన్నది చూడాలి. అందుకు వెంటవెంటనే చాలా అంకెలు కావాలి. పాత యంత్రాలకు కంప్యూటర్ సాయం మాత్రమే. ఈ యంత్రంలోంచి కంప్యూటర్‌ని తీసేస్తే మిగిలేది తిరిగే పళ్ళెం.

1970లలో టెక్నికాన్ తెచ్చిన స్మాక్ (SMAC) యంత్రంలో కంప్యూటర్ పేరులోనే చేరిపోయింది, చివరి 'సి' దానిదే. గంటకు 150 శాంపిళ్ళు, ఒక్కోదానికి 20 పరీక్షలు. ఆ తర్వాత కంప్యూటర్ పక్క బల్ల మీద నుంచి యంత్రం లోపలికే వెళ్ళిపోయింది.

అనుమానించడం నేర్పడం

చదవడం, లెక్కించడం అయ్యాక ఖాళీ సమయంలో కంప్యూటర్‌కి అప్పగించిన పని అనుమానించడం. ఇదే అన్నిటికన్నా విలువైన పని అని చెప్పాలి.

1950లోనే లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు ఒక పద్ధతి చెప్పారు. విలువ తెలిసిన కంట్రోల్ సీరాన్ని రోజూ పరీక్షించి, వచ్చిన అంకెను చార్టు మీద చుక్కగా పెట్టాలి. సగటుకి అటూ ఇటూ రెండు ప్రామాణిక విచలనాల (అంకెలు మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే కొలత) దూరంలో గీతలుంటాయి. చుక్క గీత దాటితే యంత్రంలో ఏదో తేడా ఉన్నట్టు. ఇబ్బంది ఏమిటంటే, ఏ తేడా లేకపోయినా ఇంచుమించు ఇరవైలో ఒక చుక్క గీత దాటుతుంది. పన్నెండు పరీక్షలు చేసే యంత్రంలో అలాంటి దొంగ అలారం తరచూ మోగుతుంది. రోజూ ఉత్తపుణ్యానికి మోగే అలారాన్ని ఎవరూ పట్టించుకోరు. కంట్రోల్ సరిగా రాకపోతే సరిగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పెట్టడం అలా మొదలైన చెడ్డ అలవాటే. 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్, ఆయన సహచరులు కొన్ని నియమాల్ని కలిపి వాడమన్నారు. ఒక్క చుక్క మూడు విచలనాలు దాటినా, వరసగా రెండు చుక్కలు ఒకే వైపు రెండు విచలనాలు దాటినా, పది చుక్కలు వరసగా సగటుకి ఒకే వైపు ఉన్నా ఆపాలి. మొదటిది పెద్ద కుదుపును పడుతుంది. చివరిది మెల్లగా పక్కకి జారుతున్న యంత్రాన్ని పడుతుంది. ప్రతి పరీక్షకూ ప్రతి రోజూ వెనకటి పది చుక్కల్ని చూడటం మనిషికి విసుగు. కంప్యూటర్‌కి విసుగు తెలియదు.

కంట్రోల్ సీరం యంత్రాన్ని పరీక్షిస్తుంది. రోగి శాంపిల్‌ని ఎవరు పరీక్షించాలి? ఈ ప్రశ్నకు 1970ల మధ్యలో వచ్చిన జవాబు చాలా అందమైనది. రోగి నిన్నటి ఫలితంతోనే ఇవాళ్టిదాన్ని పోల్చాలి. దీనికి డెల్టా చెక్ అని పేరు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లేడెన్సన్ 1975లో రాసిన వ్యాసం ఈ ఆలోచన మీదే. రోగే తనకు తాను కంట్రోల్. కంప్యూటర్‌లో పాత ఫలితాలు దాచి ఉంటేనే ఇది కుదురుతుంది.

దీని బలం తెలియాలంటే రెండు సందర్భాలు చూడాలి. సీబీపీలో ఎర్రకణాల సగటు పరిమాణాన్ని ఎంసీవీ అంటారు. ఎర్రకణం దాదాపు నాలుగు నెలలు బతుకుతుంది కాబట్టి ఈ అంకె ఒక్క రోజులో పెద్దగా మారదు. నిన్న 72 ఉండి ఇవాళ 91 వచ్చింది, మధ్యలో రక్తం ఎక్కించలేదు అంటే, ఆ రెండు ట్యూబులూ ఒక మనిషివి కావని దాదాపు తేల్చెయ్యొచ్చు. రెండోది పొటాషియం. నిన్న 4.2, ఇవాళ 7.8. అది నిజమైతే గుండె ఆగిపోయే ప్రమాదం. కానీ అదే శాంపిల్‌లో కాల్షియం కూడా నమ్మశక్యం కానంత పడిపోయి ఉంటే కథ వేరు. సీబీపీ కోసం వాడే ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా పొటాషియం ఈడీటీఏ ఉంటుంది. పొటాషియం చూడటానికి వాడే ఎర్రమూత ట్యూబులో రక్తం చాలలేదని ఎవరో ఊదారంగు దాంట్లోంచి కొంచెం ఒంపి ఉంటారు. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేస్తుంది, దానితో వచ్చిన పొటాషియం లెక్కలో చేరుతుంది. అనుభవమున్న టెక్నీషియన్ ఇది చూడగానే పసిగడతారు. రాత్రి రెండు గంటలకు ఒక్కరే డ్యూటీలో ఉండి, ఎమర్జెన్సీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్న టెన్షన్‌లో మాత్రం కళ్ళ ముందే ఉన్నా కనపడకపోవచ్చు. ఆ వేళలో తెర మీద ఒక హెచ్చరిక రావడం రోగికి ప్రాణం.

పరీక్షలు ఎక్కువైతే

ఒకేసారి పన్నెండు పరీక్షలు చేసే యంత్రం వచ్చాక డాక్టర్ ఒకటి అడిగితే మిగతా పదకొండూ ఉచితంగా వచ్చినట్టు అనిపించింది. ఇక్కడే ఒక గణిత సమస్య దాగి ఉంది. నార్మల్ హద్దులు అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 95 శాతం మందికి వచ్చే అంకెల మధ్య దూరం. అంటే ఏ జబ్బూ లేకపోయినా ఇరవై మందిలో ఒకరు బయటే ఉంటారు. ఒక పరీక్షకు అది చిన్న విషయం. పన్నెండు పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, ఆరోగ్యవంతుడికి అన్నీ హద్దుల్లో రావడానికి అవకాశం 54 శాతమే. ఇరవై పరీక్షలైతే 36 శాతం. నిజానికి పరీక్షల మధ్య ఎంతోకొంత సంబంధం ఉంటుంది కాబట్టి లెక్క ఇంత కచ్చితంగా రాదు గానీ, ధోరణి ఇదే.

ఇవాళ హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఫుల్ బాడీ చెకప్ ప్రకటనల్లో అరవై, డెబ్బై, అంతకు మించిన పరీక్షల సంఖ్యలు కనిపిస్తాయి. రిపోర్టులో నాలుగైదు అంకెలు ముదురు అక్షరాల్లోనో పక్కన బాణం గుర్తుతోనో వస్తాయి. ఇంట్లో కంగారు. గూగుల్‌లో వెతుకులాట. మళ్ళీ పరీక్షలు. వాటిలో కొన్ని నిజంగా జబ్బును ముందే పట్టించేవే, కాదనలేం. కానీ చాలా బాణాలు జబ్బు వల్ల వచ్చినవి కావు, లెక్క వల్ల వచ్చినవి. యంత్రానికి ఇంకో పరీక్ష చెయ్యడం చౌకైంది కాబట్టే చేస్తున్నాం. ఆ అంకె చూసి ఒక మనిషి పడే భయం మాత్రం చౌక కాదు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఈ ముక్క ఒక్క వాక్యంలో చెప్పే ఏర్పాటు ప్రతి ల్యాబ్‌లోనూ ఉండాలి.

ట్యూబు మీది పేరు

కంప్యూటర్ తొలి రోజుల్లో శాంపిల్ ఎవరిదో యంత్రానికి తెలిసేది కాదు. పళ్ళెంలో ఎన్నో కప్పు అన్నదే దానికి తెలుసు. కంప్యూటర్ ఉదయమే జాబితా అచ్చు వేసి ఇచ్చేది. ఆ వరసలో టెక్నీషియన్ సీరం కప్పుల్లో పోసి పెట్టాలి. ఏడో కప్పు పెట్టడం మరిచిపోతే, ఏడో రోగి నుంచి చివరిదాకా అందరి ఫలితాలూ ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి. అంకెలన్నీ కచ్చితం, మనుషులందరూ తప్పు. మధ్యలో కంట్రోల్ సీరాల్ని తెలిసిన చోట్ల పెట్టడం ఇందుకు కూడా పనికొచ్చింది. కంట్రోల్ ఉండాల్సిన చోట కంట్రోల్ రాకపోతే వరస తప్పిందని తెలుస్తుంది. తర్వాత ట్యూబు మీదే బార్‌కోడ్ వచ్చి, యంత్రం ట్యూబును చూసి పేరు తెలుసుకోవడం మొదలుపెట్టింది.

ఆ బార్‌కోడ్ కథ ల్యాబ్ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. అంతకుముందు జరిగినది యంత్రానికి కనిపించదు. ఇటలీలోని పాడువాలో ఒక ఎమర్జెన్సీ ల్యాబ్ పొరపాట్లను లెక్కించి 1997లో ప్రచురించారు. వాటిలో 68.2 శాతం శాంపిల్ యంత్రంలోకి వెళ్ళకముందే జరిగినవి. యంత్రం మీద పరీక్ష జరిగేటప్పుడు వచ్చినవి 13.3 శాతమే. మిగతావి ఫలితం బయటికి వెళ్ళేటప్పుడు జరిగినవి. నలభై ఏళ్ళ ఆటోమేషన్ తన వంతు పని ఎంత బాగా చేసిందో ఆ 13.3 చెబుతుంది. పని ఇంకా ఎక్కడ మిగిలి ఉందో 68.2 చెబుతుంది. ఒక మనిషి చెయ్యి, వేరే మనిషి పేరున్న ట్యూబు. చేతికి పట్టీ చాలాసేపు బిగించి ఉంచడం. సన్న సూదితో గట్టిగా లాగి ఎర్రకణాలు పగలగొట్టడం. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తియ్యడం.

మన దగ్గర దీనికి ఎండ కూడా తోడవుతుంది. రక్తం తీశాక సీరం వేరుచెయ్యకుండా ఉంచేస్తే కణాలు గ్లూకోజ్‌ని తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలోనే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. అందుకే షుగర్‌కి ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు. తెలంగాణ ప్రభుత్వం 2018లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ పద్ధతిలో బస్తీ దవాఖానాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీసిన రక్తం వాహనాల్లో కేంద్ర ల్యాబ్‌కి వెళ్తుంది. పెద్ద యంత్రాలన్నీ ఒకచోట ఉంటాయి, పేదలకు పైసా ఖర్చు ఉండదు. ఇది ఎంతో మేలు చేసే ఏర్పాటు. అలాంటి ఏర్పాటులో యంత్రమెంత ముఖ్యమో మే నెల మధ్యాహ్నం ఆ వాహనంలోని ఐస్ పెట్టె అంతే ముఖ్యం. రక్తం ఎన్ని గంటలకు తీశారు, సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజ్ ఎప్పుడు తిప్పారు, పెట్టె ఎంత వేడెక్కింది అన్నవి ఫలితం పక్కనే నమోదైతే, కంప్యూటర్ వాటినీ అనుమానించగలదు. అనుమానించడం దానికి 1975 నుంచే వచ్చు. దానికి ఇవ్వాల్సింది సమాచారం.

చిన్న పట్టణాల ల్యాబుల సంగతి ఇంకోలా ఉంది. అక్కడ సగం పని చేత్తో చెయ్యాల్సిన సెమీ ఆటో అనలైజర్ ఒకటి, రక్తకణాలు లెక్కపెట్టే త్రీ పార్ట్ సెల్ కౌంటర్ ఒకటి, బిల్లులకు ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. చాలా యంత్రాల వెనక సీరియల్ పోర్టో నెట్‌వర్క్ పోర్టో ఉంటుంది. అందులోంచి ఫలితాలు ఏ వరసలో, ఏ గుర్తులతో బయటికి రావాలో 1991లోనే అమెరికాలోని ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం తెచ్చిన ప్రమాణాలు చెప్పాయి. యంత్రం 'పంపనా' అని అడుగుతుంది, ఇవతలిది 'పంపు' అంటుంది, ఒక్కో వరసా వచ్చాక మొత్తం కూడి సరిచూసుకుని 'అందింది' అని జవాబిస్తుంది. అందకపోతే మళ్ళీ పంపుతుంది. మనిషి రాతలో ఈ సరిచూసుకోవడం ఉండదు. అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై లాంటి బోర్డు, ఒక కేబుల్, కొంచెం ప్రోగ్రామింగ్ తెలిసిన కుర్రాడు ఉంటే ఈ పని అయిపోతుంది. పీడీపీ-8తో పోలిస్తే ఆ బోర్డు మెమొరీ వేల రెట్లు కాదు, లక్ష రెట్లు ఎక్కువ. అది ఫలితాలు అందుకోవడమే కాదు, కంట్రోల్ చార్టులు గీయగలదు, వెస్ట్‌గార్డ్ నియమాలు చూడగలదు, పోయిన నెల అదే రోగి ఎంసీవీ ఎంతో గుర్తుపెట్టుకోగలదు.

అడ్డం డబ్బు మాత్రమే కాదు. కొన్ని కంపెనీలు పోర్టు నుంచి వచ్చే సమాచారం వివరాలు సులువుగా ఇవ్వవు. యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో కలపడానికి విడిగా రుసుము అడుగుతారు. ల్యాబ్ యజమానికేమో రోజుకు నలభై శాంపిళ్ళకు ఇంత అవసరమా అనిపిస్తుంది. కానీ నలభై శాంపిళ్ళలో ఒక్కో సీబీపీకి ఇరవై దాకా అంకెలుంటాయి. అవన్నీ ఇవాళ కూడా యంత్రం తెర మీద చూసి, పక్కనున్న కంప్యూటర్‌లో నిన్నటి రోగి ఫైల్ తెరిచి, పేరు మార్చి, పాత అంకెల మీద కొత్తవి టైపు చేసి ప్రింట్ తీస్తున్న ల్యాబులు చాలా ఉన్నాయి. పాత అంకె ఒకటి మార్చడం మరిచిపోతే అది నిన్నటి మనిషిదే మిగిలిపోతుంది. యంత్రం వెనక పోర్టు మీద కంపెనీవాళ్ళు పెట్టిన దుమ్ము మూత తీయకుండా అలాగే ఉంటుంది.